లేహ్

లేహ్ లద్దాఖ్ కేంద్రపాలిత ప్రాంతంలో పెద్ద పట్టణం, పూర్వపు లద్దాఖ్ రాజ్యానికి రాజధాని. సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున, సింధు నదికి ఉత్తరంగా, లద్దాఖ్ పర్వతశ్రేణి పాదాన ఉంది. 2011 జనగణనలో పట్టణ జనాభా 30,870. ఎండాకాలంలో పర్యాటకులు, బిహార్, నేపాల్ వంటి చోట్ల నుంచి కూలిపనులకు వచ్చేవారు, సైనికులు కలిసి ఊరు కిక్కిరిసిపోతుంది. చలికాలంలో చాలా హోటళ్లకు, దుకాణాలకు తాళాలు పడతాయి. వాన, మంచు అన్నీ కలిపి ఏడాదికి 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే పడే ఈ చోట పట్టణం నిలబడడానికి కారణాలు రెండు. ఒకటి, కొండ మీది మంచు కరిగి దిగే వాగు. రెండోది, మధ్య ఆసియాకు, టిబెట్‌కు, కశ్మీరుకు, పంజాబుకు పోయే దారులు ఇక్కడ కలవడం. ఇక్కడ చూడదగ్గవని చెప్పే కోట, మసీదు, బజారు, పచ్చని పొలాలు చాలావరకు ఈ రెండింటి చలవే.

నేల, వాతావరణం, నీరు

నైరుతి రుతుపవన మేఘాలు హిమాలయాల దక్షిణపు వాలుల మీదే తమ నీటిని దింపుకుంటాయి. శ్రేణి వెంట శ్రేణి దాటి ఇవతలికి వచ్చేసరికి గాలి పొడిబారిపోతుంది. అందువల్ల లద్దాఖ్ అంతా వర్షచ్ఛాయా ప్రాంతంలో పడి శీతల ఎడారిగా మారింది. ఎడారి అనగానే తోచే ఇసుక తిన్నెలు లేహ్ చుట్టూ పెద్దగా కనిపించవు. గోధుమ, బూడిద, ఊదా రంగుల్లో బోడి రాతి కొండలు, వాటి కింద గులకరాళ్లు పరచుకున్న వాలు నేలలు, అక్కడక్కడ గీత గీసినట్టు మొదలై గీత గీసినట్టు ఆగిపోయే పచ్చదనం, ఇదీ ఇక్కడి దృశ్యం. ఆ గీత కాలువ పారే హద్దు. దానికి ఒక్క అడుగు ఎగువన గడ్డిపోచ మొలవదు.

పట్టణం చదునైన చోట లేదు. ఉత్తరాన ఖర్దుంగ్ లా కనుమ వైపు నుంచి దక్షిణాన సింధు నది దాకా దిగే ఒక పక్కలోయలో వాలు మీద పరచుకుంది. విమానాశ్రయం ఎత్తు 3,256 మీటర్లు. ఎగువ పేటలు దానికి కొన్ని వందల మీటర్ల పైన ఉంటాయి. నదికి ఆవల స్టోక్ శ్రేణి, అందులో 6,153 మీటర్ల స్టోక్ కాంగ్రీ శిఖరం పట్టణంలో దాదాపు ఏ మేడ మీదికెక్కినా కనిపిస్తాయి.

జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత మైనస్ 15 డిగ్రీల సెల్సియస్ దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో పగలు 25 డిగ్రీలు దాటడం మామూలే. తేమలేని పలుచని గాలి కావడంతో ఎండకూ నీడకూ మధ్య తేడా ఎక్కువ: ఎండలో కూర్చుంటే ముఖం కమిలిపోతుంది, గోడ నీడకు జరిగితే శాలువా వెతుక్కోవాలి. ఈ ఎత్తులో గాలి పీడనం సముద్రతీరంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. విమానంలో నేరుగా దిగినవారికి తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం సాధారణం. మొదటి రెండు రోజులు ఏమీ చేయకుండా పడుకోవాలని వైద్యులు చెబుతారు. ఈ మాటను పెడచెవిన పెట్టి మర్నాడే ఎత్తైన కనుమలకు బయల్దేరినవారిలో కొందరికి ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది.

లేహ్ సేద్యమంతా కరిగిన మంచునీటి మీదే సాగింది. వాగు నుంచి తీసిన కాలువలను యురా అని, రాత్రి పారే నీటిని పట్టి ఉంచే చెరువులను జింగ్ అని అంటారు. పొద్దున్నే జింగ్ తూము తీసి వంతుల వారీగా పొలాలకు నీళ్లు వదులుతారు. వంతులు చూసే మనిషిని చుర్పోన్ అంటారు. రాయలసీమ చెరువుల కింద నీరుగట్టి చేసే పనే ఇతనిదీ: ఎవరి మడికి ఎంతసేపు, ఏ మట్టి కట్ట ఎప్పుడు తెగ్గొట్టాలి, తగువు వస్తే ఎవరి మాట నిలబెట్టాలి అన్నవి అతని చేతిలో ఉంటాయి. గ్రామస్థులు ఇతన్ని ఏటా తమలోంచే ఎంచుకుంటారు. బార్లీ, గోధుమ, బఠాణీ, పశువుల మేతకు లూసర్న్, కాలువ గట్ల మీద పోప్లార్, విల్లో చెట్లు ఇక్కడి పైరుపచ్చలు. బార్లీని వేయించి పట్టించిన పిండి, పశువుల పేడ పిడకలు, విల్లో కొమ్మలు ఉంటే ఒక కుటుంబం చలికాలం గట్టెక్కేది.

ఇక్కడి రైతుకు అసలు ఇబ్బంది నీరు తక్కువ కావడం ఒక్కటే కాదు, ఆలస్యంగా రావడం కూడా. విత్తనాలు చల్లాల్సింది ఏప్రిల్, మే నెలల్లో. పై హిమానీనదాలు బాగా కరిగేది జూన్ చివర్లో. ఈ ఎడం పూడ్చడానికి లద్దాఖ్ ఇంజనీర్ చెవాంగ్ నోర్ఫెల్ 1980ల నుంచి కృత్రిమ హిమానీనదాలు కట్టించారు. చలికాలంలో వృథాగా పోయే వాగు నీటిని ఊరికి దగ్గరలో, కొండ నీడ పడే చోట రాతి అడ్డుకట్టల వెనక పలుచగా నిలిపితే అది పొరలు పొరలుగా గడ్డకడుతుంది. ఊరికన్నా కాస్త ఎత్తులోనే ఉన్న ఆ మంచు వసంతంలోనే కరిగి విత్తుల వేళకు అందుతుంది. ఆయనకు 2015లో పద్మశ్రీ లభించింది. తర్వాత సోనమ్ వాంగ్‌చుక్ బృందం 2013–14 చలికాలంలో ఇదే ఆలోచనను నిలువుగా తిప్పింది. ఎగువ నుంచి గొట్టంలో వచ్చిన నీరు తన ఒత్తిడితోనే ఫౌంటెన్‌లా చిమ్మి, గాలిలోనే గడ్డకట్టి స్తూపాకారంలో పేరుకుంటుంది. శంఖువు ఆకారంలో ఎండ తగిలే ఉపరితలం తక్కువ కాబట్టి చదునుగా పరచిన మంచుకన్నా ఎక్కువ రోజులు నిలుస్తుంది. మోటారు అవసరం లేని ఈ మంచు స్తూపాలు లేహ్ దగ్గరి ఫ్యాంగ్ లోయలో ప్రసిద్ధికెక్కాయి.

చరిత్ర

తొలుత రాజధాని లేహ్ కాదు, సింధు తీరాన 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న షే. 15, 16 శతాబ్దాల్లో లేహ్ పైనున్న త్సెమో కొండ మీద ఆలయం, కోట వెలిశాయి. 17వ శతాబ్ది తొలి భాగంలో సెంగె నమ్‌గ్యాల్ రాజు కాలంలో లేహ్ అసలైన రాజధాని అయింది. ఈయన తండ్రి జమ్యాంగ్ నమ్‌గ్యాల్ బల్తిస్తాన్ మీదికి దండెత్తి ఓడి బందీ అయ్యాడని, స్కర్దూ పాలకుడి కూతురు గ్యాల్ ఖాతూన్‌ను పెళ్లాడి తిరిగివచ్చాడని లద్దాఖీ సంప్రదాయం చెబుతుంది. హెమిస్ వంటి గొప్ప బౌద్ధారామానికి అండగా నిలిచిన సెంగె ఆ ముస్లిం రాణి కొడుకు. ఆ దండయాత్ర కారణంగానే లద్దాఖ్‌లో కొత్త సంవత్సరపు పండుగ లోసార్ టిబెట్‌కన్నా రెండు నెలలు ముందే వస్తుందని కూడా అంటారు: యుద్ధానికి వెళ్లేలోగా పండుగ చేసేద్దామని రాజు ముందుకు జరిపాడట.

17వ శతాబ్ది చివర టిబెట్‌తో యుద్ధం వచ్చింది. కశ్మీరు నుంచి మొఘల్ సైన్యం సాయం వచ్చి లద్దాఖ్‌ను కాపాడింది గానీ రాజ్యం చిక్కిపోయింది. 1684 నాటి తింగ్‌మోస్‌గాంగ్ ఒప్పందం కుదిర్చిన వ్యాపార నియమాలు మాత్రం శతాబ్దాలు నడిచాయి. వాటిలో ముఖ్యమైనది పశ్మీనా ఉన్ని గురించినది. చాంగ్‌తాంగ్ పీఠభూమి మేకల మెత్తని లోపలి బొచ్చు లేహ్ మీదుగా కశ్మీరుకే పోవాలి. శ్రీనగర్ శాలువాల కీర్తి వెనక ఈ నిబంధన ఉంది. మూడేళ్లకోసారి లేహ్ నుంచి లాసాకు లప్‌చక్ అనే కానుకల బిడారు వెళ్లేది. లాసా నుంచి తేయాకు ఇటుకలతో చబా బిడారు వచ్చేది.

ఉత్తరపు దారి అన్నింటికన్నా కఠినం. ఖర్దుంగ్ లా, ససేర్ లా, 5,540 మీటర్ల కారకోరం కనుమ దాటితే యార్కంద్. ఆ దారి వెంట గుర్రాల, ఒంటెల ఎముకలే గుర్తులుగా ఉండేవని నాటి యాత్రికులు రాశారు. యార్కంద్ నుంచి పట్టు, నమ్దా కంబళ్లు, తివాచీలు, చరస్ దిగేవి. పంజాబు నుంచి హోషియార్‌పూర్ వ్యాపారులు నూలుబట్టలు, నీలిమందు, మసాలా దినుసులు తెచ్చేవారు. ఎండాకాలం చివర లేహ్ బజారులో తుర్కీ, టిబెటన్, కశ్మీరీ, పంజాబీ, బల్తీ భాషలు ఒకేసారి వినిపించేవి. బయటి నుంచి వచ్చిన ముస్లిం వ్యాపారులు స్థానిక స్త్రీలను పెళ్లాడగా ఏర్పడిన అర్గోన్ సమాజం నేటికీ పట్టణంలో ఉంది. 1820–22 మధ్య ఇక్కడ ఉన్న ఆంగ్లేయ యాత్రికుడు విలియం మూర్‌క్రాఫ్ట్ ఈ వ్యాపారాన్ని వివరంగా నమోదు చేశాడు.

1834లో జమ్ము డోగ్రా పాలకుడు గులాబ్ సింగ్ సేనాని జోరావర్ సింగ్ లద్దాఖ్ మీదికి వచ్చాడు. కొన్నేళ్లలో రాజ్యం పోయింది, రాజకుటుంబం నదికి ఆవల స్టోక్‌కు తరలింది. జోరావర్ 1841లో టిబెట్ దండయాత్రలో మరణించినా లద్దాఖ్ డోగ్రాల చేతిలోనే ఉండి, 1846 తర్వాత జమ్ము కశ్మీర్ సంస్థానంలో భాగమైంది. 1870 వాణిజ్య ఒప్పందంతో బ్రిటిష్ జాయింట్ కమిషనర్ లేహ్‌లో కాలుపెట్టాడు. 1885లో మొరేవియన్ క్రైస్తవ మిషన్ వచ్చి ఆసుపత్రి, బడి పెట్టింది. ఆ మిషన్‌కు చెందిన పండితుడు ఎ. హెచ్. ఫ్రాంకె 1904లో లద్దాఖ్‌లో తొలి పత్రికను రాతి అచ్చులో వెలువరించాడు.

1948 మే 24న వైమానిక దళ అధికారి మెహర్ సింగ్, పక్కన మేజర్ జనరల్ తిమ్మయ్యను కూర్చోబెట్టుకుని డకోటా విమానాన్ని లేహ్‌లో దింపాడు. ఇంజనీర్ సోనమ్ నోర్బూ స్థానికులతో హడావుడిగా చదును చేయించిన ఇసుక నేలే రన్‌వే. పాకిస్తానీ దళాలు దగ్గరపడుతున్న వేళ ఆ దిగుడే పట్టణాన్ని నిలిపింది. ఆ తర్వాత ఒకటి రెండేళ్లలో యార్కంద్ దారి మూసుకుపోయింది, తర్వాత లాసా వ్యాపారమూ ఆగిపోయింది. అన్ని దారులకూ కూడలిగా ఉన్న ఊరు దేశపు చివరి మూల అయింది. 1962 యుద్ధం తర్వాత సైన్యం, దాని వెంట తారురోడ్డు వచ్చాయి. 1974లో పర్యాటకులకు తలుపులు తెరిచినప్పుడు ఏడాది మొత్తం మీద వచ్చిన విదేశీయులు కొన్ని వందల మంది. 2022లో లద్దాఖ్‌కు వచ్చిన పర్యాటకులు 5 లక్షలు దాటారు.

కోట, పాత పట్టణం

లేహ్ రాజప్రాసాదం తొమ్మిది అంతస్తులది. ఊరి పైన రాతి గుట్ట నుంచి పొడుచుకు వచ్చినట్టు ఉంటుంది. కింది భాగం రాయి, పైకి పోను పోను పచ్చి ఇటుక, మధ్యలో పోప్లార్ దూలాలు. పైకి వెళ్లే కొద్దీ గోడలు లోపలికి వంగి బరువు తగ్గుతుంది. కింది అంతస్తుల్లో గడ్డి, ధాన్యం, పశువులు, పైన రాజకుటుంబం, దక్షిణం వైపు చెక్క బాల్కనీలు. లాసాలోని పోతాలాకు ఇది నకలని పర్యాటక పుస్తకాలు రాస్తుంటాయి గానీ, నేడున్న పోతాలా పని మొదలైంది 1645లో. లేహ్ ప్రాసాదం అంతకు ముందుదే. డోగ్రా దాడి తర్వాత ఖాళీ అయి, కప్పులు కూలిన ఈ కట్టడాన్ని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ మరమ్మతు చేస్తోంది. లోపలి గదులు చాలావరకు బోడిగానే ఉన్నాయి. అందుకని లోపల చూడబోయేవారికన్నా పై కప్పు మీది నుంచి పట్టణాన్ని చూడబోయేవారికే ఇక్కడ ఎక్కువ దక్కుతుంది. ఇంకా పైన త్సెమో శిఖరం మీద నమ్‌గ్యాల్ త్సెమో ఆరామం, మూడంతస్తుల ఎత్తు మైత్రేయ విగ్రహం ఉన్నాయి.

ప్రాసాదం కింద కొండ వాలును పట్టుకుని పాత పట్టణం ఉంది. ఒక ఇంటి కింద నుంచే వీధి సాగుతుంది, మలుపులో స్తూపం ద్వారంలా నిలుస్తుంది. ఇల్లు కట్టే పద్ధతి సులువైనదే: రాతి పునాది, ఎండబెట్టిన పచ్చి ఇటుక గోడ, పోప్లార్ దూలాలు, వాటి మీద వేలు లావు విల్లో కర్రలు పక్కపక్కనే పేర్చి, పైన గడ్డి, దాని మీద తడి మట్టి తొక్కి చదును చేస్తారు. చదునైన ఆ మేడ అంచున మేత, వంటచెరకు పేర్చితే చలికాలానికి నిల్వా అవుతుంది, గోడకు రక్షణా అవుతుంది. ఇంటికి గుండెకాయ వంటగది. చిత్రపు పనితనమున్న ఇనప పొయ్యి, అల్మారాల్లో వరుసగా తోమి పెట్టిన రాగి, ఇత్తడి పాత్రలు ఆ ఇంటి హోదా చెబుతాయి. వాన లేని చోట ఈ మట్టి ఇళ్లు శతాబ్దాలు నిలుస్తాయి. నీటి కుళాయి, కారు చేరని ఈ సందుల నుంచి సొంతదారులు కింది పేటలకు వెళ్లిపోవడంతో ఎన్నో ఇళ్లు శిథిలమయ్యాయి. ప్రపంచ కట్టడాల నిధి సంస్థ 2008లో పాత లేహ్‌ను ప్రమాదంలో ఉన్న వంద స్థలాల జాబితాలో చేర్చింది. టిబెట్ హెరిటేజ్ ఫండ్ పాత మేస్త్రీల పద్ధతిలోనే కొన్నింటిని బాగు చేయించింది. రాజుల కార్యదర్శుల వంశానికి చెందిన మున్షీ ఇల్లు నేడు లద్దాఖ్ కళలు, ప్రసార మాధ్యమాల సంస్థకు నిలయం.

పాత పట్టణం మెయిన్ బజారులోకి దిగే చోట జామా మసీదు ఉంది. 1660ల్లో ఔరంగజేబుతో దెల్దన్ నమ్‌గ్యాల్ రాజు చేసుకున్న ఒడంబడిక ఫలితంగా కట్టినది. తర్వాత ఎన్నో మార్పులు జరిగాయి. దానికి కూతవేటు దూరంలో షియాల ఇమాంబాడా, బౌద్ధుల చోఖాంగ్ విహారం, మొరేవియన్ చర్చి ఉన్నాయి. మసీదు వెనక త్సాస్ సోమా తోట ఒకప్పుడు బిడార్లు విడిది చేసిన చోటు. పట్టణంలోని తొలి మసీదు, మధ్య ఆసియా మ్యూజియం అక్కడే ఉన్నాయి. యార్కంద్ వ్యాపారపు ఆనవాళ్లు చూడాలనుకునేవారు ప్రాసాదంకన్నా ముందు ఈ మ్యూజియానికి వెళ్లడం మేలు.

బజారులో వాహనాలు తిరగవు. పొద్దున పది దాటాక చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు పేవ్‌మెంటు అంచున గోనెపట్టా పరిచి కూర్చుంటారు. మందపాటి ఉన్ని అంగీ గోంచా, మెడలో పగడాలు, ఫిరోజా రాళ్లు. ముందు ముల్లంగి, టర్నిప్, ఆకుకూరల కట్టలు, ఎండబెట్టిన జున్ను ముక్కలు, ఎండు ఆప్రికాట్లు. హైదరాబాద్‌లో ఖుబానీ కా మీఠా చేసేది ఈ పండుతోనే. బేరం పెద్దగా సాగదు. గిరాకీ లేనప్పుడు చేతులు ఉన్ని వడుకుతూనో అల్లుతూనో ఉంటాయి. పక్క దుకాణాల్లో పశ్మీనా పేరుతో అమ్మే శాలువాల్లో చాలా భాగం యంత్రం మీద నేసిన మిశ్రమ నూలు.

పట్టణానికి పడమట చాంగ్‌స్పా పేట పైన శాంతి స్తూపం ఉంది. జపాన్ బౌద్ధ భిక్షువు గ్యోమ్యో నకమురా కట్టించగా 1991లో ప్రారంభమైంది. అయిదు వందల మెట్లు ఎక్కాలి, రోడ్డూ ఉంది. పాత లద్దాఖీ కట్టడాల సొగసు దీనిలో లేదు గానీ, సాయంత్రం ఎండలో ప్రాసాదం, త్సెమో ఒకే చూపులో కనబడేది ఇక్కడి నుంచే. విమానాశ్రయం దారిలో సైన్యం నడిపే హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియంలో కార్గిల్ యుద్ధం, సియాచిన్ విధులకు సంబంధించిన వస్తువులు ఉన్నాయి.

సింధు లోయ ఆరామాలు

లేహ్ నుంచి సింధు వెంట ఎగువకు వెళ్తే వరుసగా షే, థిక్సే, హెమిస్. షే పాత ప్రాసాదంలో దెల్దన్ నమ్‌గ్యాల్ 17వ శతాబ్దంలో చేయించిన 12 మీటర్ల శాక్యముని విగ్రహం ఉంది. రాగి రేకుకు బంగారు పూత. దగ్గరలోని డ్రుక్ వైట్ లోటస్ పాఠశాలకు 2009 నాటి ‘త్రీ ఇడియట్స్’ సినిమా తర్వాత సందర్శకుల తాకిడి మొదలైంది. థిక్సే టిబెటన్ బౌద్ధంలోని గెలుగ్ శాఖ ఆరామం. కొండ మీద పన్నెండు అంతస్తులుగా తెల్లని గదులు మెట్లు మెట్లుగా పేరుకున్నట్టు ఉంటుంది. లోపలి 15 మీటర్ల మైత్రేయుడు 1970లో దలైలామా రాకకు గుర్తుగా చేయించినది. సాధారణంగా కాళ్లు కిందికి దించి కూర్చోబెట్టే మైత్రేయుడిని ఇక్కడ పద్మాసనంలో మలిచారు.

హెమిస్ ద్రుక్పా శాఖకు చెందినది, లద్దాఖ్‌లో ఎక్కువ సంపద ఉన్న ఆరామం. జూన్‌లోనో జూలైలోనో రెండు రోజులు జరిగే హెమిస్ ఉత్సవంలో బౌద్ధ గురువు పద్మసంభవుడి ఎనిమిది రూపాలను లామాలు ముఖతొడుగులు వేసుకుని ఆడతారు. పన్నెండేళ్లకోసారి, కోతి సంవత్సరంలో, భారీ పట్టు చిత్రపటాన్ని గోడ మీద దించుతారు, 2016లో దించారు. ఆ పేరుతోనే ఉన్న హెమిస్ జాతీయ ఉద్యానం మంచు చిరుతకు ఆశ్రయం, విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది.

నది దిగువన, విమానాశ్రయానికి ఆనుకుని స్పితుక్ ఆరామం ఉంది. ఆవలి గట్టున స్టోక్ ప్రాసాదంలో రాజవంశపు నగలు, ఫిరోజా రాళ్లు పొదిగిన పెరాక్ శిరోభూషణం, దుస్తుల మ్యూజియం ఉన్నాయి. పడమటి దారిలో నిమ్మూ దగ్గర జాన్‌స్కార్ నది సింధులో కలుస్తుంది. రెండు రంగుల నీళ్లు కొంతదూరం పక్కపక్కనే నడుస్తాయి. చిత్రకళ మీద ఆసక్తి ఉన్నవారు మిగతావి మానుకునైనా ఆల్చీ చూడాలి. లేహ్‌కు 65 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో నేల మీద, చెట్ల మధ్య ఉన్న ఈ ఆలయాల గోడల మీద కశ్మీరీ శైలిలో వేసిన బౌద్ధ చిత్రాలు సుమారు ఎనిమిది వందల ఏళ్లకు పైబడినవి. ఆ శైలి కశ్మీరులో దాదాపు మాయమైంది.

లేహ్ దగ్గరి చోగ్లమ్‌సార్ మైదానంలో దలైలామా 2014 జూలైలో కాలచక్ర దీక్ష ఇచ్చారు. బుద్ధుడు కాలచక్రాన్ని మొదట బోధించింది శ్రీధాన్యకటకంలో, అంటే గుంటూరు సీమ అమరావతిలో అని టిబెటన్ సంప్రదాయం. అమరావతిలో దలైలామా ఆ దీక్ష ఇచ్చింది 2006 జనవరిలో.

దూర ప్రయాణాలు

ఉత్తరాన 40 కిలోమీటర్ల దూరంలో ఖర్దుంగ్ లా ఉంది. 18,380 అడుగులని అక్కడి పాత బోర్డు, టీషర్టులు చెప్పినా అసలు ఎత్తు 5,359 మీటర్లు, అంటే 17,600 అడుగుల లోపే. ప్రపంచంలో ఎత్తైన మోటారు దారి అన్న బిరుదు కూడా చెల్లదు. దాన్ని దాటితే నుబ్రా లోయ, దిస్కిత్ ఆరామం, హుందర్ ఇసుక తిన్నెలు. అక్కడి రెండు మూపుల ఒంటెలు యార్కంద్ బిడార్ల ఒంటెల సంతతి. తూర్పున చైనా సరిహద్దును దాటి సాగే 134 కిలోమీటర్ల పాంగాంగ్ ఉప్పునీటి సరస్సు ఉంది. నుబ్రా, పాంగాంగ్‌లకు వెళ్లే విదేశీయులు ముందే అనుమతి పత్రం తీసుకోవాలి.

జనం, తిండి, పండుగలు

పట్టణంలో బౌద్ధులు ఎక్కువ. సున్నీ, షియా ముస్లింలు గణనీయంగా, క్రైస్తవులు కొద్దిమంది ఉన్నారు. టిబెటన్ లిపిలో రాసే లద్దాఖీ ఇంటి భాష, హిందీ–ఉర్దూ బజారు భాష. కలిసినా విడిపోయినా, కృతజ్ఞత చెప్పినా ‘జూలే’ అంటారు. ఉప్పు, వెన్న వేసి పొడవాటి చెక్క గొట్టంలో చిలికిన టీ గుర్‌గుర్ చా. గోధుమ పిండి ముద్దలను చిన్న చిప్పల్లా ఒత్తి దుంపలతో ఉడికించేది స్క్యూ; దళసరి రొట్టె ఖంబీర్; బార్లీతో పులియబెట్టే పానీయం ఛాంగ్. మోమో, థుక్పాలు టిబెట్ నుంచి వచ్చి హోటళ్లలో స్థిరపడ్డాయి. ముళ్లపొదల మీద కాసే నారింజ రంగు సీబక్‌థార్న్ పండ్ల రసం సీసాల్లో దొరుకుతుంది.

డిసెంబరులో గెలుగ్ శాఖ స్థాపకుడు త్సోంగ్‌ఖాపా జయంతికి ఇళ్ల మీద దీపాలు పెడతారు. ఆ వెంటనే లోసార్. ఫిబ్రవరి ప్రాంతంలో ప్రాసాదం కింద జరిగే దోస్‌మోచేలో దారాలతో అల్లిన బలిరూపాలను ఊరేగించి ఏడాది కీడును వదిలించుకుంటారు. చలికాలపు ఆట ఐస్ హాకీ. గడ్డకట్టిన చెరువుల మీద మొదలై నేడు జాతీయ పోటీల దాకా వెళ్లింది.

పాలన, నేటి చిక్కులు

1995లో లేహ్‌కు స్వయంప్రతిపత్తి కొండ అభివృద్ధి మండలి వచ్చింది. 2019 అక్టోబర్ 31న లద్దాఖ్ శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతమైంది. ఆ రోజు పట్టణంలో సంబరాలు జరిగాయి. భూమి, ఉద్యోగాల మీద స్థానికుల పట్టు సడలుతుందన్న ఆందోళనతో కొన్నాళ్లకే రాష్ట్ర హోదా, రాజ్యాంగంలోని ఆరో షెడ్యూలు రక్షణ కోసం ఉద్యమం మొదలైంది. 2025 సెప్టెంబర్ 24న నిరసన హింసకు దారితీసి, పోలీసు కాల్పుల్లో నలుగురు మరణించారు.

2010 ఆగస్టు 5 రాత్రి మేఘ విస్ఫోటం వల్ల వచ్చిన బురద వరద లేహ్, చోగ్లమ్‌సార్‌లలో రెండు వందలకు పైగా ప్రాణాలు తీసింది. వాన లేని నేల కావడంతో కొండ వాలు మీద మట్టిని పట్టి ఉంచే చెట్టూ చేమా లేవు. వాగు దారిలోనే వెలిసిన కొత్త ఇళ్లు ఎక్కువ దెబ్బతిన్నాయి.

మరో మార్పు కంటికి కనిపించకుండా సాగుతోంది. పాత లద్దాఖీ ఇంట్లో మరుగుదొడ్డికి నీరు వాడరు. పై గది నేలలో రంధ్రం, కింద గదిలో మట్టి, బూడిద. ఏడాదికది ఎరువై పొలానికి చేరుతుంది. హోటళ్లలో ఫ్లష్ మరుగుదొడ్లు, షవర్లు వచ్చాక ఒక అతిథి వాడే నీరు స్థానిక కుటుంబ సభ్యుడి వాడకానికి ఎన్నో రెట్లయింది. ఆ నీటిని బోర్లు తోడుతున్నాయి. మురుగు చాలాచోట్ల గుంతల్లోకి, అక్కడి నుంచి అదే భూగర్భ జలంలోకి దిగుతోంది. ప్లాస్టిక్ సంచుల మీద లద్దాఖ్ మహిళా కూటమి 1990ల చివర్లోనే నిషేధం తెప్పించగలిగింది గానీ, మురుగు విషయంలో ఆ పట్టుదల హోటళ్ల నిర్మాణ వేగాన్ని అందుకోలేదు.

ఇక రాకపోకల సంగతి. ఢిల్లీ నుంచి లేహ్‌కు విమానంలో గంటన్నర లోపే చేరవచ్చు. మధ్యాహ్నం లోయలో గాలులు బలపడతాయి కాబట్టి దాదాపు విమానాలన్నీ పొద్దున్నే దిగుతాయి. విమానాశ్రయానికి మంగోలియాలో రాయబారిగా పనిచేసిన బౌద్ధ గురువు, రాజకీయ నాయకుడు 19వ కుశోక్ బకుల రింపోచే పేరు పెట్టారు. శ్రీనగర్ నుంచి జోజిలా మీదుగా, మనాలి నుంచి తంగ్‌లాంగ్ లా మీదుగా రెండు ప్రధాన రోడ్లు ఉన్నాయి. ఒక్కోటి 400 కిలోమీటర్లకు పైనే. మనాలి రోడ్డు సాధారణంగా మే చివరి నుంచి అక్టోబరు దాకా తెరిచి ఉంటుంది. శ్రీనగర్ దారిలో సోనామార్గ్ సొరంగం 2025 జనవరిలో ప్రారంభమైంది. దానికి ఆవల జోజిలా సొరంగం తవ్వుతున్నారు. అది పూర్తయితే కశ్మీరు వైపు రోడ్డు చలికాలంలోనూ నడుస్తుంది. కూరగాయలు, గ్యాసు, మందులు నిల్వ చేసుకునే అగత్యం తగ్గుతుంది. బోర్లకు, హోటళ్లకు ఇప్పటిదాకా దొరుకుతున్న నాలుగైదు నెలల విరామమూ పోతుంది.